ముందు కొలిచారు, తర్వాతే కట్టారు: కోనసీమ తలరాత మార్చిన కాటన్ దొర

గోదావరికి వరద వచ్చిందంటే కోనసీమ మొత్తం ఒక అంకె కోసం ఎదురుచూస్తుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం ఎంత? 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ అంకెను బట్టే లంక గ్రామాల్లో గొడ్లను గట్టు మీదికి తోలుతారు, పడవలు సిద్ధం చేస్తారు, ముసలివాళ్ళనీ పసిపిల్లల్నీ పునరావాస కేంద్రాలకు పంపుతారు. ఇప్పుడైతే ఎగువ గేజీల లెక్కలూ, వానల వివరాలూ కంప్యూటర్లకు ఇచ్చి, కృత్రిమ మేధ సాయంతో వరద ఎప్పుడొస్తుందో, ఎంత వస్తుందో ముందే అంచనా వేసే రోజులు వచ్చాయి. డేటా సైన్స్ అనే మాట కొత్తది. కానీ నదిని కొలిచి, ఆ కొలతలతో జనం బతుకు మార్చవచ్చని ఈ గడ్డ మీద చేసి చూపించిన మనిషి 180 ఏళ్ళ కిందటే ఉన్నారు. ఆయనే సర్ ఆర్థర్ థామస్ కాటన్. కోనసీమ జనానికి కాటన్ దొర.

గోదావరి జిల్లాల్లో ఊరూరా ఆయన విగ్రహాలు కనిపిస్తాయి. ఆనకట్ట కట్టి అన్నం పెట్టిన మహానుభావుడని పెద్దలు చెప్పుకుంటారు. అయితే ఆయన గొప్పతనం గురించి చెప్పుకున్నంతగా, ఆయన పనిచేసిన తీరు గురించి చెప్పుకోవడం తక్కువ. అమలాపురం, రాజోలు, కొత్తపేట నుంచి ఇంజనీరింగ్ కాలేజీలకు వెళ్తున్న నేటి పిల్లలకు ఎక్కువ పనికొచ్చేది ఆ తీరే.

పదహారేళ్ళకే ఉద్యోగం

కాటన్ 1803 మే 15న ఇంగ్లండ్‌లో పుట్టారు. హెన్రీ కాల్వెలీ కాటన్‌కు పదకొండుమంది కొడుకులు. వారిలో ఆర్థర్ పదోవాడు. ఈస్టిండియా కంపెనీ తన సైన్యం కోసం అడిస్కాంబ్‌లో నడిపే విద్యాలయంలో చేరి, 1819లో పదహారేళ్ళ వయసుకే మద్రాసు ఇంజనీర్ల దళంలో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యారు. 1821లో మద్రాసులో దిగారు. మొదట్లో అప్పగించిన పనుల్లో రామేశ్వరం దగ్గర పాంబన్ జలమార్గం సర్వే ఒకటి. ఆ తర్వాత 1824లో మొదలైన బర్మా యుద్ధానికి వెళ్ళొచ్చారు. యుద్ధం ముగిశాక ఆయన బతుకంతా నీటి పనులతోనే గడిచింది.

అప్పట్లో కంపెనీ దొరలు ఒక విషయంలో ఆరితేరి ఉండేవారు. అది శిస్తు వసూలు. జమాబందీ, ఫసలీ, తాలూకా, కచేరీ... మొగలుల కాలం నుంచి వస్తున్న ఈ మాటలే రెవెన్యూ కాగితాల నిండా ఉండేవి. ఏ ఫసలీలో ఏ తాలూకా నుంచి ఎంత వసూలైందో లెక్కలు గుట్టలుగా పడి ఉండేవి. కానీ ఒక తాలూకాలో పంట ఎందుకు పెరిగింది, ఇంకో తాలూకాలో ఎందుకు పడిపోయింది అని ఆ కాగితాలను అడిగినవాళ్ళు తక్కువ. కాటన్ ఆ ప్రశ్న అడిగారు.

కావేరి నేర్పిన పాఠం

ఆయనకు మొదటి పెద్ద పరీక్ష తంజావూరులో ఎదురైంది. కావేరి నుంచి చీలే కొల్లిడం పాయ ఏటేటా లోతెక్కుతూ నీళ్ళన్నీ తనవైపు లాక్కుపోతోంది. తంజావూరు పొలాలకు వెళ్ళే అసలు కావేరి ఎండిపోతోంది. 1835, 1836 సంవత్సరాల్లో కాటన్ కొల్లిడం మీద ఎగువన ఒకటి, దిగువన ఒకటి ఆనకట్టలు కట్టించారు. తంజావూరు మళ్ళీ పచ్చబడింది.

ఈ పనిలో ఆయనకు గురువులు ఇంగ్లండ్‌లో లేరు. చోళుల కాలం నాటి కల్లణై ఎదురుగా ఉంది. కింద రాతిపొర దొరకని ఒట్టి ఇసుక మీద, రాళ్ళు పేర్చి కట్టిన గోడ వందల ఏళ్ళుగా వరదలకు నిలబడింది. ఇసుక నదిలో కట్టడం ఎలాగో ఈ దేశపు పాత మేస్త్రీల పని చూసి నేర్చుకున్నానని కాటన్ తర్వాత దాచకుండా ఒప్పుకున్నారు.

ఆ ఆనకట్టలూ మొదటిసారే అంతా సరిగ్గా కుదరలేదు. ఎగువ ఆనకట్ట వల్ల కావేరిలోకి నీళ్ళు మరీ ఎక్కువగా మళ్ళాయి. కొన్నేళ్ళు ఫలితం చూశాక ఇంజనీర్లు ఆనకట్ట మధ్య భాగం ఎత్తు తగ్గించి, కావేరి మొదట్లో అడ్డంగా ఒక కట్టడం వేసి సరిచేశారు. కట్టడం, ఫలితం కొలవడం, మళ్ళీ దిద్దుకోవడం. డేటాతో పనిచేసేవాళ్ళు ఈనాటికీ చేసేది ఇదే.

మనుషులు తగ్గిపోతున్న జిల్లా

అదే కాలంలో గోదావరి తీరం ఎలా ఉందో ఊహించడం కూడా కష్టం. 1832–33లో గుంటూరు సీమను ఊడ్చేసిన డొక్కల కరువు దెబ్బ ఇటువైపూ తగిలింది. 1839 నవంబరులో కోరంగి రేవును ఉప్పెన ముంచేసింది. ఒక ఏడు వానల్లేక, ఇంకో ఏడు వరద ఎక్కువై పంటలు పోయేవి. జనం పొట్ట చేతబట్టుకుని వలస పోయారు. అంత పెద్ద నది ఊరి పక్కనే పారుతూ సముద్రంలో కలిసేది. పొలానికి మాత్రం చుక్క నీరు ఎక్కేది కాదు.

పరిస్థితి విచారించడానికి ప్రభుత్వం హెన్రీ మాంట్గొమెరీ అనే అధికారిని పంపింది. 1844లో వచ్చిన ఆయన నివేదికలో ఒక లెక్క అందరినీ కదిలించింది. 1821 ప్రాంతంలో రాజమండ్రి జిల్లా జనాభా 7 లక్షల 38 వేలు. ఇరవై ఏళ్ళ తర్వాత అది 5 లక్షల 61 వేలు. పెరగాల్సిన జనాభాలో దాదాపు నాలుగో వంతు మాయమైంది. తంజావూరులో చేసిన పని ఇక్కడా చేయాలని, దానికి కాటన్ తగినవాడని మాంట్గొమెరీ సిఫారసు చేశారు.

అప్పటికి కాటన్ ఆరోగ్యం బాగాలేక సెలవు మీద టాస్మానియా వెళ్ళి, అక్కడ 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్‌ను పెళ్ళాడి, తిరిగొచ్చి విశాఖపట్నంలో సముద్రపు కోతను అడ్డుకునే పనిలో ఉన్నారు. 1844లో గోదావరి పరిశీలన ఆయనకు అప్పగించారు.

నదిని చదివిన రోజులు

కాటన్ గోదావరి తీరమంతా తిరిగారు. నది వెడల్పు, వరదలో ఎంత ఎత్తు పెరుగుతుంది, వేసవిలో ఎంత పారుతుంది, నేల వాలు ఎటు, కొలిపించి రాసుకున్నారు. డెల్టా నేలకు ఒక గుణం ఉంది. నది తెచ్చిన ఒండ్రు ముందు గట్ల పక్కనే పేరుకుంటుంది. అందుకే నదీ తీరం ఎత్తుగా ఉండి, నదికి దూరం జరిగేకొద్దీ నేల పల్లమవుతుంది. ఎగువన ఒకచోట నీటిమట్టం కొన్ని అడుగులు పెంచి ఎత్తు నేల మీదుగా కాలువ తీస్తే, మిగతా పని వాలే చూసుకుంటుంది. నీళ్ళు తోడాల్సిన పనే ఉండదు.

ఆ ఒకచోటు ధవళేశ్వరం. అక్కడ నది నాలుగు మైళ్ళ వెడల్పు. చూసేవాళ్ళకు అంత వెడల్పు భయపెట్టే విషయం. కాటన్‌కు అదే అనుకూలంగా కనిపించింది. వెడల్పు ఎక్కువైతే లోతు తగ్గుతుంది, వడి తగ్గుతుంది. మధ్యలో లంకలు ఉన్నాయి కాబట్టి రాతి కట్టడం రెండుంపావు మైళ్ళ దాకా కడితే చాలు. పక్కనే కొండ, రాయికి కొదవలేదు.

తర్వాతి మెట్టు పోలిక. తంజావూరులో ఎన్ని ఎకరాలకు ఎంత నీళ్ళు కావాలి, నీళ్ళు అందితే పంట ఎంత, శిస్తు ఎంత అన్నది అనుభవంలో తేలిన లెక్క. గోదావరి డెల్టా నేల, వాలు, నది నడక దానికి దగ్గరగా ఉన్నాయి. తెలిసినచోటి లెక్క పట్టుకుని తెలియనిచోటి ఫలితం ఆయన అంచనా కట్టారు. పాత ఉదాహరణల నుంచి నేర్చుకుని కొత్తదానికి జవాబు చెప్పడం. మెషీన్ లెర్నింగ్ అంటే ఏమిటని ఇంట్లో పిల్లలు అడిగితే చెప్పదగ్గ మాట ఇదే. కంప్యూటర్ లక్షల ఉదాహరణలు చూస్తుంది. కాటన్ ఒకే ఒక్క డెల్టాను చూశారు, కానీ దాన్ని ఏళ్ళ తరబడి దగ్గరుండి చూశారు.

ఆయన నివేదికలో ఇంకో తెలివి కూడా ఉంది. మనుషులు చచ్చిపోతున్నారంటే కంపెనీ ఖజానా తలుపు తెరుచుకోదని ఆయనకు తెలుసు. అందుకే ఆకలి లెక్క పక్కనే ఆదాయం లెక్క పెట్టారు. ఎంత ఖర్చు పెడితే ఎంత శిస్తు తిరిగొస్తుందో చూపించారు. పై అధికారులకు అర్థమయ్యే భాష అదొక్కటే. 1846 చివర్లో మంజూరు వచ్చింది.

పదివేల చేతులు, ఒక వీరన్న

1847లో పని మొదలైంది. పదివేల మంది దాకా కూలీలు, వందల్లో వడ్రంగులు, కమ్మరులు. ధవళేశ్వరం కొండ రాయిని పట్టాల మీద బండ్లలో నది దాకా చేరవేశారు. ఇసుకలో బావులు దించి పునాది వేసి, దాని మీద కట్టడం లేపి, వెనకాల వాలుగా రాళ్ళు పోశారు. కల్లణై పాఠం ఇక్కడ పనికొచ్చింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా ఆనకట్ట సాగింది.

అంచనాలన్నీ నిజం కాలేదు. ఖర్చు మొదట అనుకున్నదాన్ని దాటి చాలా దూరం పోయింది. వరదలకు కట్టిన భాగాలు దెబ్బతిన్నాయి. ఎండలో నిలబడి నిలబడి కాటన్ మంచం పట్టారు. 1848లో పని కెప్టెన్ ఆర్‌కు అప్పగించి ఆస్ట్రేలియా వెళ్ళారు. 1850లో తిరిగొచ్చి మళ్ళీ అందుకున్నారు. 1852 నాటికి ఆనకట్ట పూర్తయింది.

ఈ కథలో కాటన్ పేరు పక్కన రాయాల్సిన తెలుగు పేరు వీణం వీరన్న. నీటి పనుల శాఖలో ఉద్యోగి. కూలీలను సమకూర్చడం, వాళ్ళకు నచ్చజెప్పడం, పని ఆగకుండా నడిపించడం ఆయన చేతి మీదుగా జరిగాయి. దొరకు నది లెక్క తెలుసు, వీరన్నకు మనుషుల లెక్క తెలుసు. ప్రభుత్వం ఆయనకు రాయ్ బహద్దూర్ బిరుదు ఇచ్చింది. ధవళేశ్వరంలో ఆయన పేరిట ఫలకం కూడా ఉంది.

కోనసీమకు నీళ్ళు వచ్చాయి

కోనసీమ గౌతమికీ వశిష్ఠకూ మధ్య ఉన్న నేల. మధ్యలో వైనతేయ పాయ దాన్ని మళ్ళీ రెండు ముక్కలు చేస్తుంది. బొబ్బర్లంక దగ్గర బయలుదేరిన కాలువ లొల్ల లాకుల దగ్గర చీలి కొత్తపేట, అమలాపురం వైపు పొలాలకు వెళ్తుంది. మరి వైనతేయకు అవతల ఉన్న రాజోలు వైపు? అప్పట్లో దాన్ని నగరం దీవి అనేవారు. చుట్టూ నది, ఒకవైపు సముద్రం. కాలువ నదిని దాటితే తప్ప అక్కడికి మంచినీళ్ళు చేరవు.

దానికి జవాబే గన్నవరం అక్విడక్టు. లెఫ్టినెంట్ హేగ్ ఆధ్వర్యంలో 1851–52లో, ఒక్క సీజనులో కట్టారు. 40 అడుగుల వెడల్పున్న 49 ఖానాలు, మొత్తం పొడవు 2,200 అడుగుల పైచిలుకు. కింద నది, పైన కాలువ. వీరన్న కష్టం ఇక్కడా ఉంది. తరతరాలు నీళ్ళు మోసిన ఆ పాత కట్టడం పక్కనే కొత్తది లేపి, ఆకలిగొన్నవాళ్ళకు కులం మతం అడక్కుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ పేరు దానికి పెట్టారు.

ఆ తర్వాత ఏమైందో లెక్కలే చెబుతాయి. 1891 జనాభా లెక్కల్లో గోదావరి జిల్లా జనం 20 లక్షలు దాటారు. 1859లో జిల్లా హద్దులు మారాయి కాబట్టి పాత 5 లక్షల 61 వేలతో నేరుగా పోల్చడం సరికాదు. ఆ తేడా తీసేసి చూసినా, ఖాళీ అవుతున్న జిల్లా నిండిపోయిందన్నది స్పష్టం. 1876–78లో దక్షిణాదిని పీల్చేసిన పెద్ద కరువులో గోదావరి డెల్టా తన కడుపు నింపుకుని బయటికి కూడా ధాన్యం పంపింది. కృష్ణ మీద విజయవాడ దగ్గర ఆనకట్ట కూడా కాటన్ ప్రోత్సాహంతోనే 1855 నాటికి పూర్తయింది.

లెక్క తప్పిన చోట

కాటన్ జీవితంలో ఈ భాగం విగ్రహాల కింద రాయరు. కానీ డేటాతో పని చేసేవాళ్ళు మొదట చదవాల్సింది ఇదే.

గెలుపు తర్వాత ఆయన ధీమా పెరిగింది. గోదావరి మీద పడవలు మధ్య భారతం దాకా నడిపించవచ్చని, అక్కడి పత్తి నది మీదుగా సముద్రానికి చేరుతుందని వాదించారు. రైళ్ళ కంటే కాలువలే చవక అని ఆయన గట్టి నమ్మకం. దుమ్ముగూడెం దగ్గర, ఆపైన బండరాళ్ళ నడుమ పని మొదలైంది. డెల్టాలో మెత్తని ఇసుక, ఇక్కడ రాతి మెట్లు. ఈలోగా 1867లో రైలు నాగపూర్ చేరింది. పత్తి రైలెక్కిపోయింది. భారీగా డబ్బు పోశాక 1871లో ఆ పథకాన్ని వదిలేశారు.

కర్నూలు–కడప కాలువ సంగతీ అంతే. తుంగభద్ర నీటితో లక్షల ఎకరాలు పండుతాయన్న ఆశతో, కాటన్ సలహాల మీద ఒక ప్రైవేటు కంపెనీ దాన్ని తవ్వింది. కానీ అక్కడిది నల్లరేగడి. మామూలు వానకే జొన్న పండుతుంది. అక్కడి రైతు మంచి ఏడాదిలో డబ్బిచ్చి కాలువ నీళ్ళు ఎందుకు కొంటాడు? కంపెనీ నష్టాల్లో కూరుకుపోయి, 1882లో ప్రభుత్వం కాలువను తీసుకుంది. తర్వాతి తరాలకు అది ఉపయోగపడింది, అది వేరే విషయం.

రెండుచోట్లా జరిగింది ఒకటే. గోదావరి డెల్టా కావేరి డెల్టా లాంటిది, అందుకే కావేరి లెక్క ఇక్కడ అతికింది. దుమ్ముగూడెం బండలూ, కర్నూలు రేగడీ ఆ పోలికకు లొంగేవి కావు. ఒక నేల నుంచి నేర్చుకున్న లెక్కను వేరే నేల మీద రుద్దితే ఎంత తెలివైనవాడికైనా బోల్తా తప్పదు. నేటి కృత్రిమ మేధకు ఉన్న పెద్ద బలహీనత కూడా ఇదే. ఒక ప్రాంతపు వివరాలతో తయారైన సాధనం ఇంకో ప్రాంతంలో అంతే ధీమాగా తప్పు చెబుతుంది. ధీమా చూసి నమ్మితే నష్టపోయేది రైతే.

చివరి వరకూ మట్టితోనే

కాటన్ 1860లో ఉద్యోగం వదిలారు. 1861లో సర్ బిరుదు వచ్చింది. ఇంగ్లండ్ వెళ్ళాకా ఊరుకోలేదు. రైళ్ళకు పోసే డబ్బులో కొంతైనా నీటి పనులకు పెడితే కరువు చావులు ఆగుతాయని రాస్తూనే ఉన్నారు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ఆయన్ను పిలిచి ఆయన లెక్కలన్నీ తిరగేసి ప్రశ్నించింది. విమర్శించినవాళ్ళు చాలామందే. ముసలితనంలో డార్కింగ్ ఊళ్ళో తన తోటలోనే నేలను లోతుగా దున్ని గోధుమ వేసి, దిగుబడి ఎంత పెరుగుతుందో పరీక్షించుకుంటూ గడిపారు. 1899 జులై 24న 96 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆయన కూతురు లేడీ హోప్ తండ్రి జీవితచరిత్ర ప్రచురించారు.

ఆయన కట్టిన పాత ఆనకట్ట నూరేళ్ళకు పైగా పనిచేసింది. దాని స్థానంలో 1970లో మొదలుపెట్టి 1982 నాటికి కొత్త బ్యారేజీ పూర్తి చేశారు. 175 గేట్ల ఆ బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. దాని కింద పది లక్షల ఎకరాలు సాగవుతున్నాయి.

ఇప్పటి లెక్కలు ఎవరి కోసం

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి కోనసీమ లంకలను ముంచింది. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఈ రెంటికీ మధ్య ఒక మార్పు వచ్చింది. గూగుల్ సంస్థ కేంద్ర జల సంఘంతో కలిసి 2018లో పాట్నాలో మొదలుపెట్టిన వరద అంచనా విధానం 2020 నాటికి దేశమంతటికీ విస్తరించింది. నది గేజీల లెక్కలతో కంప్యూటర్ నేర్చుకుని, హెచ్చరికను నేరుగా ఫోన్లకు పంపుతుంది. భద్రాచలంలో మట్టం ఎంతుందో తెలిస్తే ధవళేశ్వరానికి ఏం రాబోతోందో ముందే తెలుస్తుంది. లంకల్లో ఉన్న కుటుంబానికి ఆ కొద్ది గంటలే ప్రాణం.

అయినా ఆ యంత్రానికి ఆహారం మనిషి కొలిచిన అంకే. గేజీ దగ్గర అంకె తప్పు రాస్తే యంత్రం కూడా తప్పే చెబుతుంది. కొలవనిదాన్ని అసలే చెప్పలేదు. కోనసీమలో కాలువలకు ఉన్న శ్రద్ధ మురుగు డ్రెయిన్లకు లేకపోవడం, వాన పడితే నీళ్ళు దిగక వరిచేలు కుళ్ళిపోవడం రైతుల పాత బాధ. 2011లో ఇక్కడి రైతులు ఖరీఫ్ సాగే మానేసి పంట విరామం ప్రకటించినప్పుడు దేశమంతా ఇటు చూసింది. ఏ డ్రెయిన్ ఎంత పూడింది, ఏ చేలో నీళ్ళు ఎన్ని రోజులు నిలిచాయి అన్న లెక్క ఊరూరా పక్కాగా ఉంటే, దాన్ని పరిష్కారంగా మార్చే సాధనాలు ఇప్పుడు కోనసీమ పిల్లల ల్యాప్‌టాప్‌లలోనే ఉన్నాయి.

కాటన్ చేతిలో కంప్యూటర్ లేదు. ఉన్నది కొలబద్ద, తంజావూరు అనుభవం, జనం తగ్గిపోతున్న జిల్లా జాబితా. ఆ జాబితాలో తగ్గిన ప్రతి అంకె వెనకాలా ఒక ఇల్లు ఉందని గ్రహించారు కాబట్టే ఆయన లెక్క కాలువై పారింది. అమలాపురంలోనో రాజోలులోనో డేటా సైన్స్ చదువుతున్న అమ్మాయికీ అబ్బాయికీ మొదటి ప్రాజెక్టు దూరంగా ఎక్కడో వెతకనక్కర్లేదు. ఊరి చివర పూడిపోయిన డ్రెయిన్ దగ్గర ఒక కొలత తీస్తే చాలు, అక్కడే మొదలవుతుంది.